గులాబ్‌బీ చెప్పని సినిమా

ఆ పొద్దున గులాబ్‌బీ గాజుల గంప సర్దుకుంటోంది. కోడలు అజీజా జొన్నరొట్టెలు చేస్తోంది. కొడుకు దస్తగిరి అద్దం ముందు క్రాపు దిద్దుకుంటున్నాడు. మర్రిగూడకు డేరా టాకీసు వచ్చి నాలుగు నెలలైంది. రిక్షాలో మైకు పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ సినిమా గొప్పలు చాటడం దస్తగిరి ఉద్యోగం. అతని నోట ప్రతి సినిమా బ్రహ్మాండమే. పాపం, జీతం ఇచ్చేదే అందుకు.

చిక్కల్లా తల్లితోనే. టాకీసు మనిషి తల్లి కాబట్టి ఆమెకు టికెట్టు అక్కర్లేదు. మొదటి ఆట చూసి, తెల్లారి ఇల్లిల్లూ తిరిగి గాజులు తొడిగేది. బిగువు గాజు కణుపు దాటేటప్పుడు నొప్పి తెలియకుండా కథ చెప్పడం ఆమెకు చిన్ననాటి నుంచీ అలవాటు. టాకీసు వచ్చాక రాజుల కథలు పోయి సినిమా కథలు వచ్చాయి. బాగుంటే డజను గాజుల సినిమా అనేది. బాగులేకపోతే, నాలుగు గాజులకే కథ అయిపోయింది, పోకండి అనేది. ఆ రాత్రి ఆడవాళ్ల వైపు ఇసుకలో కుక్కలు పడుకునేవి.

ఆ పొద్దున సరిగ్గా రొట్టెల వేళకే టాకీసు యజమాని ఐలేశం వచ్చాడు. చాయ్ తాగాడు, మర్యాదగానే మాట్లాడాడు. వెళ్తూ వెళ్తూ దస్తగిరిని పక్కకు పిలిచి, మీ అమ్మ నోరన్నా మూయించు, లేదా మైకన్నా దించెయ్ అన్నాడు.

దస్తగిరికి చదువు అబ్బలేదు, సేద్యం కలిసిరాలేదు. దేవుడిచ్చింది ఆ గొంతొక్కటే. అదీ పోతుందంటే ప్రాణం విలవిల్లాడింది.

"నేను గొంతు పోయేదాంక చెప్పుకుంట పోతాంటె, నువ్వు ఎనకనుంచి వచ్చి అంత తుడిచేస్తున్నవు. కొడుకు కంటె నీకు గా ముచ్చట్లే ఎక్కువైనయా అమ్మా?"

గులాబ్‌బీ గంప కింద పెట్టింది. "వాళ్లు పొద్దంత కూలికి పోయెటోళ్లురా. నా చేతుల చెయ్యి పెట్టి అడిగితె అబద్ధమెట్ల చెప్పాలె?"

"అబద్ధం చెప్పకు. అసలే చెప్పకు."

అజీజా రొట్టె తిప్పడం మరిచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సరే బిడ్డా అని ఒక్క మాట అనేసి, గులాబ్‌బీ గంపెత్తుకుని వెళ్లిపోయింది.

మాటంటే మాటే. మర్నాడు కొత్త సినిమా వచ్చింది. గులాబ్‌బీ ఎప్పటిలాగే చూసి వచ్చింది కానీ, ఎవరడిగినా నన్నడగకండి అని గాజు తోసేది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగు గాజులు కాదు, నోరు విప్పి చెప్పడానికి కూడా పనికిరాని సినిమా అని తేల్చేశారు. రెండ్రోజులు డేరాలో ఈగలు తోలుకున్నారు. ఐలేశం మూడో రోజు ఆటతో సినిమా రీళ్ల పెట్టె తిప్పి పంపేస్తానన్నాడు.

అసలు బాధ ఏమిటంటే ఆ సినిమా దస్తగిరికి నచ్చింది. మూడోనాటి పొద్దున కంచం ముందు కూర్చుని, ఒక్కసారి జనానికి చెప్పు అని తల్లిని బతిమాలాడు.

"నేను చెప్త. రేపు నేను లేనప్పుడు ఎవరు చెప్పాలె? ముందు నాకు చెప్పు. ఎట్లున్నది సినిమా?"

మొదట మైకు మాటలే వచ్చాయి. ఆమె చేయెత్తి ఆపింది. అప్పుడు మెల్లగా మొదలుపెట్టాడు. చూపు పోయిన సాలె ముసలాయన, ఆయన ఆపిన చీరను చెప్పకుండా నేసే కోడలు, నేసిన బట్టను తడిమి ముసలాయన కోడలి తల మీద చేయి పెట్టడం. అతను ముగించేసరికి అజీజా ఏడుస్తోంది. పెనం మీద రొట్టె మాడి బొగ్గయింది.

"గిదే చెప్పు మైకుల," అంది గులాబ్‌బీ. "మంచిది మంచిదను, చెడ్డది చెడ్డదను. కొలువు పోతె ఇంకోటి దొరుకుతది కొడుకా. మాట పోతె యాడ తెచ్చుకుంటవు?"

ఆ రోజు రిక్షా కదిలింది. ఊరు ఊరంతా చెవులు రిక్కించింది.

"అక్కలారా, గీ సినిమా మొదటి సగం జర సాగతీసిండ్రు. ఫైటింగులు రెండు దండుగ. గప్పుడు పిల్లల పండబెట్టుకోండ్రి. ఇంటర్వెల్ అయినంక మాత్రం కొంగు దగ్గర పెట్టుకోండ్రి. నేను రెండుసార్లు చూసిన, రెండుసార్లు ఏడ్చిన."

ఐలేశం తల పట్టుకుని రిక్షా వెంట పరుగెత్తాడు. దస్తగిరి ఆగలేదు. ఇంకో మూడు ఊళ్లలో అదే చెప్పాడు.

పొద్దుగూకేసరికి డేరా ముందు ఆడవాళ్లు బారులు తీరారు. తలపట్టుకున్న చేత్తోనే ఐలేశం టికెట్లు చింపుతున్నాడు. అందరి వెనక, గులాబ్‌బీ ఇంటికెళ్లి గాజులు తొడిగే, మోకాళ్లు వంగని పక్కూరి ముసలి గోపమ్మ ఎద్దుల బండి దిగింది. టాకీసు వచ్చాక ఆమె గడప దాటడం ఇదే మొదలు. గులాబ్‌బీ పరుగున వెళ్లి చేయి అందించి, నేనేం చెప్పలేదే, ఎట్లొచ్చినవు అని అడిగింది.

"నువ్వెందుకు చెప్పాలె? నీ కొడుకు చెప్పిండు గద."

ఇన్నాళ్లూ గులాబ్‌బీ మాటకే ఊరు కదిలింది. ఈ రోజు కొడుకు మాటకు కదిలింది. కన్నతల్లికి అంతకన్నా ఏం కావాలి? సినిమా ఇంకా మొదలే కాలేదు, ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఇంటర్వెల్ అయినంక అన్నగదమ్మా," అన్నాడు దస్తగిరి వెనక నుంచి.

"ఊకోరా," అని నవ్వుతూనే, గోపమ్మను పట్టుకుని లోపలికి నడిచింది.