ఎర్రగీతలు, పచ్చగీతలు

ఆ పత్రిక మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ మేడమీద గది తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పెద్దలకు మాత్రమే అని అట్టమీద వేసుకునే మాసపత్రిక మాది. పిర్రల మీద చరుపులతో సాగే సరస కథలు నావి. కింద ప్రెస్సు మా ఎడిటరమ్మ వాళ్ళన్నయ్యది, పైన ఎడిటింగ్ ఆమెది. కథ ముందుకు నడిచిన చోట పచ్చ పెన్సిల్, ఒళ్ళు వేడెక్కిన చోట ఎర్ర పెన్సిల్‌తో మార్జిన్‌లో గీతలు గీసేది.

నా మొదటి కథంతా ఎరుపే.

"మొదటి పేరాలోనే చెయ్యి లేపేశారు. ఆ అమ్మాయెవరో, ఎందుకు వాడి ఒళ్ళో వాలిందో నాకు తెలీదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి దెబ్బ పడితే నాకేంటి?"

"జనం కొనేది అందుకే కదండీ."

"కొనేది అందుకే. చివరిదాకా చదివేది మనుషుల కోసం. ఇంకోటి, అడగాల్సింది ఆమె. అడిగేదాకా వీడు ఆగాలి. ఆ ఆగడంలోనే ఉంది మజా అంతా."

ఒళ్ళు మండింది. అయినా తిరగరాశాను. వానలు పడ్డ ఆ నాలుగు నెలలూ ఆమె ఎదురుగా కూర్చుని తిరగరాస్తూనే ఉన్నాను. నవ్వు ఆపుకోవడానికి పెన్సిల్ కొరికేది. అది చూడ్డానికే కొన్ని తప్పులు కావాలని చేసేవాణ్ణి.

ఒక సాయంత్రం కింద మెషిన్ సిద్ధంగా ఉంది. నా కథ ఒక్కటే రావాలి. అది ఆగితే నా స్థానం వేరేవాడికి ఇస్తానని వాళ్ళన్నయ్య అప్పటికే చెప్పేశాడు. ఆమె పేజీలన్నీ తిప్పింది. ఒక్క ఎర్రగీతా పడలేదు.

"పందెంలో ఓడింది, వాడి పక్కన కూర్చుంది, నోరు తెరిచి అడిగింది కూడా. మీ హీరో కిటికీలోంచి వాన చూస్తున్నాడేంటి?"

"చెయ్యి ఎత్తలేకపోయానండి."

"మీరా? హీరోనా?"

దొరికిపోయాను. "కథలో ఆమె పెన్సిల్ కొరుకుతుంది, మీరు చూడలేదా? అది మీరే. మీరంటే నాకు ప్రాణం. మిమ్మల్ని పదిమంది చదివే సీన్‌లో పెట్టలేను. ఉద్యోగం పోతే పోనివ్వండి."

ఆమె పెన్సిల్ కింద పెట్టేసింది. ఇక రేపటి నుంచి ఈ మెట్లెక్కే పని లేదనుకున్నాను.

"ఎత్తలేకపోతే పట్టుకోండి," అంది చెయ్యి చాచి. "ఆమె జడ, అలవాట్లు మారుద్దాం. సీన్ మాత్రం ఉండాలి. ఇంత ఊరించి ఉత్త చేతులతో పంపితే చదివేవాళ్ళు తిడతారు."

కిందనుంచి వాళ్ళన్నయ్య కేకేశాడు. "పేజీలిస్తారా, మెషిన్ ఆపమంటారా?"

"రాస్తున్నాం అన్నయ్యా. తర్వాత నీతో ఇంకో మాట కూడా ఉంది."

ఆ సీన్ ఆమే రాసింది, నా చెయ్యి వదలకుండా.