మగబాతు జవాబు

ఆ జనవరి పొద్దున రాయిస్ టకెట్ రెండు గంటలపాటు ఒక పెట్టబాతును బతిమాలాడు.

ఓక్ చెట్ల మధ్య మొల లోతు నీళ్ళు. తూర్పు ఇంకా తెల్లబడలేదు. రాయిస్ ఒక చెట్టుకు వీపు ఆనించి, వేటగాళ్ళు బాతుల్ని పిలవడానికి వాడే ప్లాస్టిక్ కూతగొట్టం, కొత్తగా కొన్నది, ఊదాడు. అవతల పొదల్లోంచి జవాబు వచ్చింది. ఏం గొంతు అది! చివర్లో చిన్న జీర. వింటుంటే ఒళ్ళు ఝల్లుమంది. పెట్ట అంత నిబ్బరంగా అరుస్తోందంటే ఆ వెనకే గుంపు దిగుతుంది. అది అర్కాన్సా వరిపొలాల్లో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అతను ఊదాడు. అది అరిచింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ అరిచింది. ఆకాశంలో మాత్రం ఒక్క రెక్క లేదు. చివరికి ఆ పెట్టను కళ్ళారా చూడాలనిపించి, తుపాకీ నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడిచాడు. కాలికింద మొద్దు జారింది. రబ్బరు లాగుల్లోకి బకెట్టెడు మంచునీళ్ళు దిగాయి. కెవ్వున అరుస్తూ పొదల్లోంచి బయటపడ్డాడు.

ఎదురుగా చిన్న పడవ. అందులో ఒళ్ళో డజను కొయ్య గొట్టాలు పెట్టుకుని ఒక అమ్మాయి.

"ఆ పెట్టవి నువ్వా?" అంది ఆమె.

"నువ్వా?" అన్నాడు అతను, పళ్ళు టకటకలాడుతుంటే.

"రెండు గంటలు! రెండు గంటల్నుంచి కొత్త గొట్టాలన్నీ నీ మీద పరీక్షిస్తున్నా. ఆహా, పెట్టే జవాబిస్తోంది, నా పని ఎంత బాగుందో అని మురిసిపోతున్నా!"

"నేనూ అంతే మురిశాను."

"నీ గొట్టం ప్లాస్టిక్ కదా? అనుకున్నాలే. ఈ పెట్టకి జలుబు చేసిందేంటా అని."

రాయిస్‌కి కోపం రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో అతనికి అర్థం కాలేదు. ఆ ఏడాది అతనికి అర్థం కాని వాటిలో అది మొదటిది.

"ఒక సంగతి చెప్పనా?" అంది ఆమె తెడ్డు అందుకుంటూ. "బాతుల్లో ఊరు దద్దరిల్లేలా అరిచేది ఆడదే. మగదానికి అంత గొంతు లేదు, దగ్గరికొచ్చి బొంగురుగా గొణుగుతుంది. ఈ జిల్లాలో మగాళ్ళందరూ ఆడగొంతులు పెట్టుకుని అడవంతా కేకలేస్తారు. జవాబిచ్చేవాడు ఒక్కడూ లేడు. ఇవాళ మనం చేసిందీ అదే. రెండు పెట్టలు పోట్లాడుకున్నాయి, అంతే. పడవెక్కు, చస్తావు చలికి."

ఆమె నెల్డా స్ట్రౌడ్. టుపెలో బాయూ అనే వాగు గట్టున ఉన్న 'ఎ. స్ట్రౌడ్ కూతగొట్టాలు' అనే బోర్డు వాళ్ళదే. ఎ అంటే అర్విల్, ఆమె తండ్రి. నాలుగు జిల్లాల్లో వేటగాళ్ళ మెడల్లో ఆయన గొట్టాలే వేలాడతాయి.

వేట సీజన్ ముగిసిన మర్నాడే రాయిస్ ఆ షెడ్డు ముందు నిలబడ్డాడు. "నాకు చెక్క తిప్పే లేత్ పని నేర్పుతారా?" అని అడిగాడు. పగలు ధాన్యం ఆరబెట్టే మిల్లులో ఉద్యోగం, సాయంత్రాలు ఖాళీ.

అర్విల్ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "నాకు ఓపిక లేదురా అబ్బాయ్. మా అమ్మాయి చూపిస్తుంది. నేర్చుకుంటే నేర్చుకో."

నెల్డా చూపించింది. చూపించడమంటే అలా ఇలా కాదు.

"ఉలిని అలా పొడవకు! అదేమన్నా అడవిపందా? ముందు ఉలి వీపు ఆనించు. ఆనించి ఆగు. ఇప్పుడు పిడి కొంచెం ఎత్తు. చెక్క తనే పొట్టు వదుల్తుంది. నువ్వు తొందరపడితే..."

టప్. చెక్క రెండు ముక్కలై గోడకు తగిలింది.

"...ఇలా అవుతుంది."

ఫిబ్రవరిలో పదిహేను చెక్కలు పగిలాయి. మార్చిలో ఎనిమిది. వరినాట్లు లేని ఆ దేశంలో విత్తనాలు యంత్రాలతో చల్లే ఏప్రిల్ నాటికి, రాయిస్ చేతికింద బోడార్క్ అనే గట్టి చెక్క పసుప్పచ్చటి రిబ్బన్లలా పొట్టు వదలడం మొదలుపెట్టింది. ఆమె అతని వెనక నిలబడి, మణికట్టు పట్టుకుని వంపు సరిచేసేది. ఆమె జుట్టులో ఎప్పుడూ వాల్‌నట్ చెక్క పొట్టు. అది తియ్యాలా, చూసి ఊరుకోవాలా? తేలేది కాదు. ఊరుకునేవాడు.

చెక్క నున్నగా తిప్పడం సగం పనే. లోపల ప్లాస్టిక్ నాలుక కూర్చునే పలకను ఆకురాయితో వెంట్రుకంత వెంట్రుకంత అరగదీయాలి. ఎక్కువైతే గొట్టం కీచుమంటుంది, తక్కువైతే మూగది. ఆ పని నెల్డా కళ్ళు మూసుకుని చేసేది. అర్విల్ గారు మూల కుర్చీలో కాఫీ తాగుతూ కూర్చునేవారు. రాయిస్‌కి అందులో వింతేమీ కనిపించలేదు. కళ్ళుండీ చూడనివాళ్ళతో ప్రపంచం నిండిపోయింది. మనవాడు వాళ్ళలో ఒకడు, అంతే.

"మగబాతు గొంతు గొట్టాలు చెయ్యరా మీరు?" అని ఒకరోజు అడిగాడు.

"ఎవడు కొంటాడు? అందరికీ కేకలే కావాలి. మెల్లగా మాట్లాడ్డం ఎవడిక్కావాలి?" అంది. అని, అతనికేసి అదోలా చూసింది. "సీజన్ మొదటిరోజు ఎవరితో వెళ్తున్నావ్ వేటకి?"

"మా కజిన్ డబ్‌తో. ఎప్పుడూ వాడితోనేగా."

"ఓహో," అంది. అతని చేతిలోంచి ఉలి లాక్కుని అవతలికి వెళ్ళిపోయింది.

ఏమన్నాను నేను? అనుకున్నాడు రాయిస్.

అక్టోబరు చివర్లో అతని గొట్టం మొదటిసారి నోరు విప్పింది. అచ్చం పెట్ట గొంతే. నెల్డా ఎగిరి గంతేసింది. రాయిస్ భుజం మీద ఒక్కటిచ్చి, "అరిచిందిరా బాబూ! మళ్ళీ ఊదు, మళ్ళీ!" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. పొట్టు పడిందేమో అనుకున్నాడు.

ఆ జిల్లాలో ఒక పద్ధతుంది. నేర్చుకున్నవాడి చేతిలో మొదట పలికిన గొట్టం గురువుది. దానిమీద గురువు పేరు చెక్కి, నలుగురిలో మెడలో వెయ్యాలి. గురువు సీజన్ మొదటిరోజు దాన్నే ఊదుతారు. ఊరంతా చూస్తుంది, శిష్యుడికి పేరొస్తుంది, గురువుకి అంతకన్నా ఎక్కువ వస్తుంది.

ఫైర్ స్టేషన్ హాల్లో శనివారం క్యాట్‌ఫిష్ చేపల విందు. రాయిస్ ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు. నెల్డా నీలం గౌను వేసుకుంది. జుట్టులో పొట్టు లేదు. మొదటిసారి. అది చూస్తూ రాయిస్ బల్లకు గుద్దుకున్నాడు. అయినా నడిచి, జేబులోంచి గొట్టం తీసి, తోలుతాడుతో సహా అర్విల్ గారి మెడలో వేశాడు. 'గురువు ఎ. స్ట్రౌడ్' అని దానిమీద చెక్కి ఉంది.

హాలంతా చప్పట్లు.

నెల్డా చేతిలోని ప్లేటు బల్లమీద పెట్టింది. మెల్లగా, చప్పుడు కాకుండా. తర్వాత తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం షెడ్డుకు తాళం. రాయిస్ ఇంటి తలుపు కొట్టాడు.

"ఏమైంది నెల్డా?"

"నీ గురువు లోపల కాఫీ తాగుతున్నాడు. వెళ్ళి ఆయన్నడుగు."

"నేనేం చేశానో చెప్పు."

"అది కూడా నేనే నేర్పాలా?" గుమ్మంలో ఒక ఉత్తరం ఊపింది. "టెనెసీలో ఒక షాపువాళ్ళు రమ్మన్నారు. గొట్టాల మీద నా పేరు వేస్తారట. సీజన్ మొదలైన మర్నాడు వెళ్ళిపోతున్నా."

తలుపు మొహమ్మీద పడింది.

మిల్లులో డబ్ కొన్ని సిద్ధాంతాలు చెప్పాడు. చేపలు ఉప్పెక్కాయి, అందుకే కోపం. లేదా గౌను బాగుందని నువ్వనలేదు. లేదా టెనెసీలో ఎవడో ఉన్నాడు. "పూలు పట్టుకెళ్ళరా," అన్నాడు. రాయిస్ పట్టుకెళ్ళాడు. నెల్డా వాటిని పక్కింటి ఆవిడకిచ్చేసింది. ఆవిడ మొగుడొచ్చి రాయిస్‌ని నిలదీశాడు. సంగతి మరింత చిక్కుపడింది.

గురువారం మధ్యాహ్నం అర్విల్ గారే మిల్లుకొచ్చారు. ధాన్యం లారీ పక్కన నిలబడి, మెడలోంచి గొట్టం తీసి చాచారు. చెయ్యి గడగడ వణుకుతోంది. గొట్టం కొసకి వేలాడే ఇత్తడి రింగు దానికి తగిలి టకటకమంటోంది.

"చూస్తున్నావా దీన్ని?" అన్నారు. "నాలుగేళ్ళయింది ఇలా అయి. ఈ చేత్తో ఆకురాయి పట్టగలనా? నాలుగేళ్ళుగా నా పేరుతో వెళ్ళిన ప్రతి గొట్టం మా అమ్మాయే చేసింది. ఆడపిల్ల చేసిందంటే కొనరని నేనే పేరు మార్చనివ్వలేదు."

రాయిస్ నోరు తెరుచుకుంది. తొమ్మిది నెలలు. మూల కుర్చీ. కాఫీ కప్పు ఎప్పుడూ సగమే నిండి ఉండేది. తొణక్కుండా ఉండటానికి! అదీ అతను చూడలేదు.

"మరి... నేను మెడలో వేస్తుంటే చెప్పలేదేం?"

"చప్పట్లు కొడుతున్నారురా. హాయిగా అనిపించింది. మెడ వంచేశాను." ముసలాయన నేలకేసి చూశారు. "నీకు నేర్పిందెవరు?"

"నెల్డా."

"మణికట్టు పట్టుకుని దిద్దింది?"

"నెల్డా."

"మరి నా మెడలో ఎందుకేశావురా, వెధవా?"

"బోర్డు మీద మీ పేరుందని."

"ఆఁ. అందరూ అదే చేస్తారు," అన్నారాయన. కోపంగా కాదు, అలసటగా.

"దీన్నిప్పుడు ఆమెకిస్తే?"

"నా పేరు చెక్కినదా? సిగ్గులేదూ?"

"మొదటి గొట్టం మళ్ళీ చెయ్యలేను కదండీ. మొదటిది ఒక్కటే." రాయిస్ తల పట్టుకున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. "అర్విల్ గారూ, షెడ్డు తాళంచెవి మీ దగ్గరుందా?"

సీజన్ మొదటిరోజు. బాయూ మీద పొగమంచు. నెల్డా పడవలో ఒంటరిగా కూర్చుని ఆఖరి గొట్టాలు పరీక్షిస్తోంది. మర్నాడు ప్రయాణం. ఒకటి తీసి ఊదింది. చివర్లో ఆ చిన్న జీర.

చెట్ల వెనకనుంచి బొంగురుగా, మెల్లగా ఏదో గొణిగింది.

ఆమె ఆగింది. మగబాతు? మళ్ళీ ఊదింది. మళ్ళీ గొణుగుడు, ఇంకాస్త దగ్గర్లో. అదేదో మాట చెప్పబోయి చెప్పలేక మింగేసినట్టుంది.

మూడోసారి ఊదింది. ఈసారి గొణుగుడు మధ్యలో ఠపామని నీళ్ళ చప్పుడు, వెంటనే ఒక కేక.

"రాయిస్," అంది నెల్డా, "మగబాతులు మొద్దుల మీద జారిపడవు."

పొదల్లోంచి వచ్చాడు, ఒళ్ళంతా కారుతూ. చేతిలో బొటనవేలంత పొట్టి గొట్టం. బోడార్క్ చెక్క, పసుపు కొమ్ములా ఉంది. తుపాకీ కూడా తేలేదు.

"నోరు ముయ్యి నెల్డా, ముందు నేను చెప్పాలి. లేకపోతే మర్చిపోతా."

"నేనేమన్నాను?"

"అదే, అనకు. పెట్ట గొట్టాల్లో నా మొదటిది తప్పు మెడలో పడింది. వెనక్కి తీసుకోలేను. కానీ మగబాతు గొట్టాల్లో ఇది నా మొదటిది. ఈ జిల్లాలో ఇంకెవడూ చెయ్యలేదు. ఐదు రాత్రుళ్ళు, పదకొండు చెక్కలు. ఉలి వీపు ముందు ఆనించాను. ఆగాను. నువ్వు చెప్పినట్టే."

పడవ అంచు పట్టుకుని గొట్టం ఆమె అరచేతిలో పెట్టాడు. చుట్టూ అక్షరాలు. వంకరటింకరగా, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. 'గురువు ఎన్. స్ట్రౌడ్.'

ఆమె ఎన్ అక్షరం మీద వేలితో రాసింది.

"గొట్టాల మీద పేరు కొట్టే మా నాన్న అక్షరాల అచ్చుల పెట్టెలో ఎ అరిగిపోయింది," అంది. "ఎన్ ఇంకా కొత్తగా మెరుస్తుంది. ముప్పై ఏళ్ళుగా దాన్నెవరూ ముట్టలేదు."

"తెలుసు. చెక్కుతుంటే చూశాను." రాయిస్ ఊపిరి పీల్చుకున్నాడు. "నాకు చాలా విషయాలు ఆలస్యంగా తెలుస్తాయి నెల్డా. నీ జుట్టులో పొట్టు తియ్యాలో వద్దో తొమ్మిది నెలలు తేల్చుకోలేదు. సీజన్ మొదటిరోజు ఎవరితో అని నువ్వడిగితే డబ్ పేరు చెప్పాను. నువ్వు అడవంతా వినపడేలా పిలుస్తుంటే నేనూ పెట్టలాగే అరిచాను. ఇదిగో, ఇప్పుడొచ్చాను. నువ్వంటే నాకిష్టం. టెనెసీ వెళ్తే అక్కడా మిల్లులుంటాయి, వస్తా. వద్దంటే... వద్దంటే ఈ మొద్దుమీదే నిలబడి గడ్డకట్టి చస్తా."

గట్టు మీద హారన్ మోగింది. అర్విల్ గారి పికప్. వెనక, షెడ్డు పాత బోర్డు. ఎ మీద తెల్లరంగు పూసి ఉంది. పక్కన వణుకుతున్న చేత్తో వేసిన పెద్ద ఎన్, రంగు ఇంకా కారుతోంది.

"అమ్మాయ్!" అని అరిచారాయన. "ఫైర్ స్టేషన్ దగ్గర అందరికీ చెప్పేశాను, నాలుగేళ్ళ సంగతి! ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు! ఏడుగురు ఆర్డరిచ్చారు! ఆ తడిసినవాణ్ణి పడవలోకి లాగు, చస్తే మిల్లువాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి!"

నెల్డా గట్టుకేసి చూసింది, గొట్టంకేసి చూసింది. మొహం తుడుచుకుంది.

"టెనెసీ వాళ్ళకి సోమవారం రాస్తాను, రానని," అంది. "నీకోసం కాదు. ఆ బోర్డుకోసం."

"సరే," అన్నాడు రాయిస్, మొహం వాడిపోయి.

"సగం బోర్డుకోసం."

"మిగతా సగం?"

ఆమె ఆ పొట్టి గొట్టం మెడలో వేసుకుంది. తన పెట్ట గొట్టం నోట్లో పెట్టుకుని, అతని కళ్ళలోకి చూస్తూ, అడవి దద్దరిల్లేలా మూడుసార్లు ఊదింది. పొగమంచులోంచి నిజం మగబాతులు నాలుగు వచ్చి తలల మీద గుండ్రంగా తిరిగాయి.

రాయిస్ వాటికేసి చూడనైనా లేదు. "అంటే... అవుననా?"

"జనవరి నుంచీ అదే చెప్తున్నా," అని నెల్డా అతని కాలర్ పట్టుకుని పడవలోకి లాగింది.