విడిపోయిన చోటు

సెప్టెంబరు రెండో తారీకు. ఆ పొద్దున తిన్నది చద్దన్నం, కాల్చిన ఎండు నెత్తళ్లు. వాసు రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు. నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూకి చెల్లెలు ఆశను తీసుకుని మహానగరానికి రైలెక్కాడు. మర్నాటి సాయంత్రం అక్కడి బజారులో బాంబులు పేలాయి. ఆశ ఒక్కతే ప్రాణాలతో తిరిగొచ్చింది. ఆ మహానగరం పేరు మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు.

ఏడాది తిరిగింది. మళ్లీ అదే తారీకు, అదే కూడు. ముద్ద కలుపుకుని కూర్చున్నాడు తండ్రి దుర్గారావు. జాలరిపేటలో పుట్టి డిగ్రీ చదివి, చేపలరేవు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. భార్య పోయాక పిల్లలిద్దర్నీ అతని తల్లి పోతమ్మే సాకింది. ఇప్పటికీ ఆమె నెత్తళ్ల తలలు తుంచి అతని కంచంలో వేస్తుంది. ఆపాటి దయతోనే అతనికి రోజు గడుస్తోంది.

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. వేటకెళ్లినవాడు ఒడ్డెక్కేదాకా తలుపు వెయ్యకపోవడం పేటలో ఆచారం. శవం వచ్చిన పెట్టె మూత తీసి మనవడి మొహం చూపించలేదు కాబట్టి వాడింకా రాలేదనే అంటుంది పోతమ్మ. ఏడాదిగా తలుపుకి తాడుచుట్ట ఆనించి, రాత్రిళ్లు కూడా తెరిచే ఉంచుతోంది.

"నాన్నా, ఆ ఆస్పత్రివాళ్లు మళ్లీ పిలిచారు. రేపు పొద్దున బండికెళ్తన్నాను," అంది ఆశ.

దుర్గారావు చెయ్యి ఆగింది. "అక్కర్లేదు."

"ఇక్కడుండి ఏటి సెయ్యమంటావు? నా మొహం చూసి మాటాడి ఏడాదైంది నువ్వు."

"ఒసే గుంటా, తినీవోడి కాడ ఏటే ఈ గోల?" అని కసిరింది పోతమ్మ.

"ఉండమ్మా." దుర్గారావు గోడకేసి చూస్తూ అన్నాడు. "తప్పిపోతే విడిపోయిన చోటికే రావాలి. పడవలు విడిపోయినా అంతే, మనుషులైనా అంతే. జాతరకెళ్లిన ప్రతిసారీ మీ ఇద్దరికీ చెప్పాను. ఆ రోజు నువ్వెందుకు లేవక్కడ?"

ఏడాదిగా ఎవరూ అడగని ప్రశ్న అది. ఆశ తండ్రి కంచం ఎదుట కూర్చుంది.

"అన్నియ్య నన్ను గాజుల కొట్టు ముందు నిలబెట్టి, సోడాకని రోడ్డవతలకెళ్లాడు. పక్క సందులో మొదటిది పేలింది. పోలీసులు పరిగెత్తమన్నారు. నీ మాట గుర్తు రాలేదు నాన్నా, పరిగెత్తీసాను. వాడికి గుర్తొచ్చింది. అవతల బాగానే ఉన్నోడు, నాకోసం మళ్లీ ఆ కొట్టు కాడికే వచ్చాడు. దూరం నుంచి చూసి అరిచాను. ఇనబడలేదు. రెండోది అక్కడే పేలింది."

దుర్గారావు కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు.

"నానూ అక్కడే నిలబడుంటే నీకు రెండు పెట్టెలొచ్చేవి. అలాగైతే బాగుండేదా?"

అతను కంచంలోనే చెయ్యి కడుక్కుని రేవుకి వెళ్లిపోయాడు. ఆ రోజంతా ఏ కాగితం మీద సంతకం పెట్టాడో అతనికే తెలియదు.

సాయంత్రం వచ్చేసరికి ఆశ బట్టలు సర్దుకుంటోంది. దుర్గారావు పక్కనే చతికిలబడి, ఏడాది తర్వాత కూతురి మొహంలోకి చూశాడు. వాసు కళ్లే.

"దిక్కులేని సంచీ కనబడితే దూరం జరుగు. పోలీసుకి చెప్పు."

"ఊఁ."

"ఏదైనా అయితే పరిగెత్తు. ఎవరు తప్పిపోయినా, నేనే తప్పిపోయినా వెనక్కి రాకు. విడిపోయిన చోటికి అసలు రాకు." మడత పెట్టిన బట్ట ఆమె చేతికిచ్చాడు. "వాడు నా మాట విన్నాడు. నువ్వు వినలేదు గనకే నాకు మిగిలావమ్మా."

ఆశ తండ్రి భుజమ్మీద తల పెట్టి, ఏడాదిగా అణచుకున్నదంతా ఏడ్చేసింది. ఏడుస్తున్నది ఎవరో, ఎవరు ఎవర్ని ఊరుకోబెడుతున్నారో ఇద్దరికీ తెలియలేదు.

గుమ్మంలో కూర్చున్న పోతమ్మ అన్నీ వింది. సముద్రం వైపు చూసింది. వాడింక రాడు. రేపట్నుంచి ఆ తలుపు ఆశ కోసం తెరిచి ఉంచాలి. మోకాళ్లు పట్టుకుని లేచి, తాడుచుట్టను పక్కకి లాగింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టింది.