ఊపిరి తీయని గొంతు

అక్షరాలు నేర్చుకున్నది పెనిమిటి పోయాక. ఒత్తులు తప్పితే సర్దుకోండి. నేను నిదానంగా రాశాను, మీరు గబగబా చదవండి.

కొమ్ము పోయింది.

మఠాల్లో ఊదే పదడుగుల రాగి కొమ్ము. జతలో ఒకటే. రెండోది గుడ్డలో చుట్టినట్టే ఉంది.

మెక్లియోడ్‌గంజ్‌లో కెల్సాంగ్ నడిపే లాడ్జి. ఆమెను అందరూ అమా-లా అంటారు, అమ్మ అని. కింది గదిలో వాద్యబృందం సరంజామా. తాళం పగల్లేదు. తాళంచెవి ముసలి లోద్రోది. మఠం వదిలినా కొమ్ము వదలని మనిషి; అందరికీ గెన్-లా, అంటే గురువుగారు. ఆ జతను ఆయన గురువు మంచు కనుమలు దాటించి మోసుకొచ్చాడు. రేపు పెద్ద కచేరీ. ఇవాళ ఆయన మీద దొంగ ముద్ర.

ఎస్సై యాంగ్‌చెన్ నేగి అయిదు నలభైకి వచ్చింది. కిన్నౌర్ పిల్ల. నవ్వు తక్కువ.

"గెన్-లా, తాళంచెవి ఎక్కడ పెడతారు?"

"మెట్ల కింద మేకుకు తల్లీ. నాలుగింటికి ప్రదక్షిణకు పోతూ తగిలించాను. అయిదింటికి వచ్చి తీశాను."

"ఎవరెవరికి తెలుసు?"

"వీధి కుక్కలకు కూడా తెలుసు," అంది కెల్సాంగ్. "నేనూ టెన్పా వంటింట్లో మోమోలు చుడుతున్నాం." టెన్పా తల ఊపాడు. రెండో కొమ్ము ఊదేది అతనే.

ఇక మిగిలింది జిగ్దల్. బృందం గాయకుడు. ఒక్క గొంతులో రెండు స్వరాలు పలికిస్తాడు. ఇంట్లో నల్లకళ్లద్దాలు, మెడలో మూడు జపమాలలు. ఊళ్లో ప్రతి గోడ మీదా కళ్లు మూసుకున్న అతని బొమ్మే. జపం ఎన్నడూ చేసిన పాపాన పోలేదు.

"ముసలాయన అమ్మేసుంటాడు మేడమ్," అన్నాడు. "కచేరీ మాత్రం ఆగకూడదు. నేనొక్కణ్ణే లాగించేస్తాను."

"ఎంత త్యాగం నాయనా. నాలుగు నుంచి అయిదు దాకా ఎక్కడున్నావ్?"

"పై గదిలో. సాధన. ఇల్లంతా విన్నారు."

"విన్నాం," అంది కెల్సాంగ్. "గంటసేపూ గోడలు అదిరాయి. ధార తెగితే ఒట్టు."

యాంగ్‌చెన్ వెన్న టీ అందుకుంది.

"అమ్ముకునేవాడు జత పట్టుకుపోతాడు. ఒంటి కొమ్ము ఎవడికి కావాలి? గెన్-లా, ఒక్కదానితో కచేరీ నడవదా?"

"నడవదు తల్లీ. ఒకడు ఊపిరి తీసేటప్పుడు రెండోవాడు ఊదాలి. అప్పుడే నాదం తెగదు. గొంతుకైనా అంతే. మఠంలో వందమంది పాడతారు, వంతులవారీగా ఊపిరి తీస్తారు. వినేవాడికి సందు కనబడదు."

యాంగ్‌చెన్ కప్పు కింద పెట్టింది.

"అమా-లా, పైన ధార తెగలేదన్నారు."

"తెగలేదు..." కెల్సాంగ్ పై గది వైపు చూసింది.

"పాడింది ఒక్కడేగా?"

 పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లోవాళ్ల చెవులు విన్నది తెగని ప్రార్థననే. తెగి ఉంటే ఏమైందోనని లేచి చూసేవాళ్లు. తెగలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

జిగ్దల్ నవ్వాడు. "నా టెక్నిక్ వేరు మేడమ్."

"అయితే పాడు. గంట అక్కర్లేదు. ఈ టీ చల్లారేదాకా."

పోస్టర్‌లోలాగే కూర్చున్నాడు. అడుగు నుంచి గొంతు లేచింది. దాని మీద సన్నటి ఈల తేలింది. గొంతు మంచిదే. మనిషే కాడు.

ముఖం కందింది. మెడ నరాలు ఉబ్బాయి. గట్టున పడ్డ చేపలా నోరు తెరిచి గాలి మింగాడు.

టీ మీద ఇంకా ఆవిరి పోతోంది.

పైన లాప్‌టాప్‌లో దొరికింది: అతని గొంతే, నలభైసార్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన రికార్డింగ్. దాన్ని మోగనిచ్చి, మెట్లు దిగి తాళంచెవి తీసుకున్నాడు. అతను వాయించే కీబోర్డు పెట్టెలో కొమ్ము దొరికింది. ఒక భాగంలోకి ఇంకో భాగం దోపేస్తే మూడు మూరలే.

"జనం వచ్చేది నా కోసం," అన్నాడు జిగ్దల్. "ఆ బూరాలు ఎవడికి కావాలి? అవి లేకపోతే రేపు స్టేజి అంతా నాదే."

"నలభై గొంతులున్నవాడివి. స్టేషన్లో ఏ గొంతుతో చెప్తావో దారిలో ఆలోచించుకో."

 లోద్రో కొమ్మును బారుగా లాగి, మూతిని చేతి గుడ్డతో తుడిచాడు. రెండోది టెన్పాకిచ్చాడు. "నేను ఆగినప్పుడు నువ్వు."

పోలీసు జీపు మలుపు తిరిగేదాకా నాదం తెగలేదు. వెనక సీట్లో జిగ్దల్ మాత్రం ఊపిరి తీస్తూనే ఉన్నాడు.

— డెకీ, డెబ్బై ఒకటో ఏడు. అప్పుడు ఆ లాడ్జి పక్కిల్లే మాది. ఇప్పుడు ఉండేది బీర్ అనే ఊళ్లో, చిన్న కూతురి దగ్గర.