ఆలస్యంగా అందుకునే గొంతు

"మా నాయనమ్మ ఆయన్ని ఏంచేశారండీ మీరు?"

కొట్లోకి అడుగుపెడుతూనే అడిగాడు కళ్ళద్దాలబ్బాయి. గొడుగు ముయ్యడం కూడా మరిచిపోయాడు. దాని మీది వాననీళ్ళు బల్ల మీద విప్పి పెట్టిన రికార్డు ప్లేయర్ మీద పడబోయాయి.

"ముందు ఆ గొడుగు బయట పెట్టండి. ఆయన సంగతి తర్వాత చూద్దాం," అంది ముళ్ళమ్మాయి, తలెత్తకుండానే.

పాత రికార్డు ప్లేయర్లు బాగుచేసి, అరిగిన ముళ్ళు మార్చే కొట్టు అది. అందుకే వీధంతా ఆమెను ముళ్ళమ్మాయి అనేది. మాట కూడా అలాగే ఉంటుందని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టినవాళ్ళూ అనేవారు.

ఎదుటి వరసలో కళ్ళజోళ్ళ షాపు అతనిది. తను కళ్ళద్దాలు పెట్టుకోకపోయినా ఆ పేరు అలా వచ్చింది. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూడటమే పని. ఈమె కళ్ళలోకి మాత్రం సూటిగా చూసే ధైర్యం రాలేదు. ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చి, ఆమె వెనకున్న గోడ గడియారంతో మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఇవాళ కోపంగా ఉన్నాడు కనక ఆమెతోనే మాట్లాడాడు.

"మొన్న మా ప్లేయర్ బాగుచేసి ఇచ్చారు కదా. ఇంటికి తీసుకెళ్ళి పెట్టాను. నాయనమ్మ ఆయన పాట వేసుకుంది. రెండు ముక్కలు విందో లేదో లేచి నిలబడి 'ఎవడ్రా ఈ కుర్రాడు?' అంది."

"ఏ కుర్రాడు?"

"అదే నేనూ అడుగుతున్నా. ప్లేయర్‌తో పాటు ఇచ్చిన మా రికార్డు తీసుకుని మీరు వేరేది ఇచ్చారు."

ముళ్ళమ్మాయి చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "అంటే మేం దొంగలమా?"

"నేనా మాట అన్లేదు."

"ఇంకేం మిగిలిందండీ అనడానికి?"

కొట్టు వెనక పేపరు చాటు నుంచి ఆమె నాన్న గొంతు వినిపించింది. "గొడవ పెద్దదయ్యేలా ఉంటే ముందు నాకో కాఫీ చెప్పండమ్మా."

అతను సంచిలోంచి తువ్వాలులో చుట్టిన రికార్డు తీశాడు. దాని అట్ట చూడగానే ఆమె ముఖం మారింది. అట్ట మీద టోపీ కాస్త వెనక్కి నెట్టి, మైకుకి దగ్గరగా వంగిన మనిషి. కొట్లో వీళ్ళు పట్టుగొంతాయన అని పిలుచుకునే గాయకుడు. పాతకాలపు జాజ్ పాటలు, అందరి నోళ్ళలోనూ నానిన ప్రేమపాటలు పాడి వెళ్ళిపోయాడు. ఆమె పనిచేసేటప్పుడు వినేది ఆయన్నే.

ఆమె రికార్డును తమ ప్లేయర్ మీద పెట్టి ముల్లు దించింది. వెనక బ్రష్షుతో ఎవరో డ్రమ్మును నిమురుతున్నారు. పియానో నాలుగడుగులు వేసింది. అప్పుడు గొంతు వచ్చింది.

"ఇదిగో! వీడే!" అన్నాడు అతను.

"వీడేమిటండీ! ఆయన! ఆయన గొంతే ఇది. చిన్నప్పట్నుంచీ వింటున్నాను."

"నేనూ చిన్నప్పట్నుంచే వింటున్నా. మా ఇంట్లో ఆయన గొంతు ఇంకా లావుగా ఉంటుంది. మాట మాటకీ మధ్య ఒక కునుకు తీసేంత వ్యవధి ఉంటుంది. వీడికి రైలు తప్పిపోయేంత తొందర."

ముళ్ళమ్మాయికి నవ్వు రాబోయి ఆగింది. ఏదో తట్టింది.

"మీ ప్లేయర్ ఎక్కడ కొన్నారు?"

"తాతయ్య తెచ్చారు. ఓడ దిగిన ఎవరో తన సామాను అమ్ముకుంటుంటే."

"అయ్యో రామా!" అని ఆమె తల పట్టుకుంది. "అది వేరే దేశపు కరెంటు కోసం చేసిన మోటారండీ. మన కరెంటుకి నెమ్మదిగా తిరుగుతుంది. రికార్డు నెమ్మదిగా తిరిగితే పాట సాగుతుంది, గొంతు లావవుతుంది. మోటారు కొసకి చిన్న ఇత్తడి పుల్లీ ఉంటుంది, ఆ చక్రం ఎంత లావుంటే రికార్డు అంత వేగంగా తిరుగుతుంది. నేను చూసి, ఇదేదో తేడాగా ఉందని, సరైనది తొడిగాను. మీరు ఇన్నాళ్ళూ విన్నది తప్పు వేగంలో. ఆయన అసలు గొంతు ఇదే."

అతను వానని చూశాడు, గడియారాన్ని చూశాడు.

"అయితే ఆ తప్పుది మళ్ళీ తొడిగెయ్యండి."

"బాగుచెయ్యమంటే చేస్తాం గానీ, బాగున్నదాన్ని పాడుచెయ్యడం మా ఇంటా వంటా లేదు. పైగా ఆ పాతది నిన్ననే పాత సామాన్లవాడికి వేసేశాను."

అతని కోపం అక్కడితో జారిపోయింది. అది జారిపోతే ఆమెకి బాగుండలేదు.

"తాతయ్య ఉన్నప్పుడు ఇద్దరూ సాయంత్రాలు ఆ పాటలు వినేవారండీ," అన్నాడు నెమ్మదిగా. "ఆయన పోయాక నాయనమ్మ ఆ గొంతుతో కలిపి పాడుకునేది. ఇంట్లో మిగిలిన మగగొంతు అదొక్కటేనని అనేది."

"మరి మీరో?"

"నాది లెక్కలోకి రాదట."

వెనక పేపరు నవ్వింది.

"మొన్నట్నుంచీ పాడటం మానేసింది. ఈ కుర్రాడితో తన గొంతు కలవదట, అందదట. వచ్చే ఆదివారం కల్లా ప్లేయర్ ఎవరికైనా ఇచ్చెయ్యమంది. ఇస్తే ఇక మా ఇంట్లో పాట ఉండదు." గొడుగు తీసుకున్నాడు. "దొంగలన్నట్టు మాట్లాడాను. ఏమీ అనుకోకండి."

అతను వెళ్ళాక ఆమె తన దగ్గరున్న రికార్డులో అదే పాట మళ్ళీ వేసింది. ఆయనలో ఆమెకు నచ్చే సంగతి ఒకటుంది. వాయిద్యం సిద్ధంగా ఉన్నా వెంటనే అందుకోడు. తాళం ఒక అడుగు ముందుకెళ్ళాక, తీరిగ్గా వెనకనుంచి వచ్చి కలుస్తాడు. అయ్యో తప్పిపోయాడే అనిపిస్తుంది. తప్పడు. ఎప్పుడూ తప్పలేదు.

"నేను చేసింది సరైన పనే కదా నాన్నా?" అంది.

"సరైన పనేనమ్మా," అన్నాడు నాన్న పేపరు తిప్పుతూ. "అందుకే ఇప్పటిదాకా అన్నం తినకుండా కూర్చున్నావు."

శనివారం సాయంత్రం వాన వెలిసీ వెలియకముందే ఆమె వాళ్ళింటి తలుపు తట్టింది. చేతిలో పనిముట్ల సంచి. తలుపు తీసిన కళ్ళద్దాలబ్బాయి చూడటానికి గడియారం లేక నేల చూశాడు.

"మీ నాయనమ్మగారున్నారా?"

"ఎవర్రా?" అంటూ నాయనమ్మే వచ్చింది. చిన్న మనిషి. కొంగు బిగించి దోపుకుని, చేతిలో ఉతికిన దుప్పటి. "ఓహో, మా ఇంటాయన్ని కుర్రాణ్ణి చేసి పంపింది నువ్వేనా అమ్మాయ్?"

"నేనేనండీ. మళ్ళీ పెద్దవాణ్ణి చేద్దామని వచ్చాను."

"అంత విద్య ఉంటే ముందు నన్ను చిన్నదాన్ని చెయ్యకపోయావూ!" అంటూ పక్కకి జరిగి దారి ఇచ్చింది నాయనమ్మ.

ప్లేయర్ కిటికీ పక్కన గోడ వైపు తిప్పి ఉంది. అలిగిన మనిషిలా. ముళ్ళమ్మాయి దాన్ని ఇటు తిప్పి, పైపళ్ళెం తీసి, వేలి గోరంత ఇత్తడి పుల్లీని ఊడదీసింది.

"దీన్ని కొద్దికొద్దిగా అరగదీస్తే వేగం తగ్గుతుంది. కానీ ఎంత తగ్గాలో నాకు తెలీదు. పాతది కొలుద్దామంటే లేదు. ఎక్కువ అరిగిందంటే మళ్ళీ పెరగదు, ఇలాంటిది ఇంకోటి నా దగ్గర లేదు. అందుకని మీరు ఒకసారి పాడాలి. మీకు ఎలా గుర్తుందో అలాగే."

"నేనా? పాటా? చాల్లే."

"మీ గొంతులో ఆయన వేగం ఉంది. ఇంకెక్కడా లేదండీ."

నాయనమ్మ దుప్పటి ఒక కొస మనవడికి అందించింది. ఇద్దరూ దూరంగా జరిగి మడత పెట్టడం మొదలుపెట్టారు. పాడమని ఎవరూ అడగనట్టే, దుప్పటికి చెబుతున్నట్టే, సన్నగా అందుకుంది. మాటలు సగం ఆ భాషవి, సగం ఏ భాషవీ కావు. కానీ ఆయన ఆగే చోటల్లా ఆగింది. ఆ ఆగిన చోట ఇంకో గొంతు కూనిరాగం తియ్యడానికి ఖాళీ ఉంది. తాతయ్యది. ముళ్ళమ్మాయి ఆకురాయి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

తర్వాత పని మొదలైంది. కాస్త అరగదీయడం, తొడగడం, ముల్లు దించడం.

"ఊహూ," అంది నాయనమ్మ. "ఇంకా మీసాలు రాలేదు."

మళ్ళీ అరగదీసింది.

"కాలేజీలో చేరాడు."

మళ్ళీ.

"ఉద్యోగం వచ్చినట్టుంది. గొంతులో కాస్త గర్వం కనబడుతోంది."

కళ్ళద్దాలబ్బాయి పడీ పడీ నవ్వుతున్నాడు. ముళ్ళమ్మాయి నవ్వలేదు. కళ్ళు చికిలించి, పుల్లీని దీపానికి దగ్గరగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి అరగదీస్తోంది.

"పెళ్ళయింది," అంది నాయనమ్మ ఈసారి. "కానీ ఇంకా పిల్లలు లేరు."

"ఇంక ఒక్కసారేనండీ. ఇది కాస్త ఎక్కువైతే ముసలాయన అయిపోతారు."

"ముసలాయనతోనూ కాపురం చేశాలే. కానియ్యి."

ఆ ఒక్కసారి ఆమె పుల్లీని ముక్కుకి ఆనేంత దగ్గరగా పట్టుకుంది. ఎదురుగా కూర్చున్న అతను దీపం తీసి మరింత దగ్గరగా పట్టుకున్నాడు. ఆమె ఆకురాయి ఆనించింది. రెండు రాపిళ్ళు. అంతే.

పుల్లీ తొడిగి, ముల్లు దించింది.

బ్రష్షు డ్రమ్మును నిమిరింది. పియానో నాలుగడుగులు వేసి ఆగింది. గొంతు రాలేదు. ఇంకా రాలేదు. తప్పిపోయాడే అనుకునేలోపు, గదిలో ఓ మూల కూర్చున్న మనిషి లేచి వచ్చినట్టు వచ్చింది.

నాయనమ్మ దుప్పటి మడత గుండెలకి ఆనించుకుని నిలబడింది. చరణం సగంలో చూస్తే ఆమె పెదవులు కదులుతున్నాయి. తర్వాత పాట వినిపించింది. రెండు గొంతులూ ఒకదాని పక్కన ఒకటి, తొందర లేకుండా నడిచాయి.

ముళ్ళమ్మాయి మొదటిసారి ఆ పాటలో కొత్త సంగతులు విన్నది. మాటకు ముందు ఆయన తీసుకునే ఊపిరి. ఆ ఊపిరిలో ఉన్న చిన్న నవ్వు. సరైన వేగంలో ఇవన్నీ ఉన్నాయి గానీ, అవి రైలు కిటికీ పక్కనుంచి చెట్లలా పరుగెత్తేవి.

"తప్పు వేగం అన్నాను," అంది పాట అయ్యాక. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

"నేనూ తీసుకుంటున్నాలే," అంది నాయనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "ఆ కుర్రాడూ చెడ్డవాడేం కాదు. అప్పుడప్పుడు మీ కొట్టుకొచ్చి వింటాను. అవునూ, ఇందాకట్నుంచీ చూస్తున్నా, ఆ కళ్ళు చికిలించడమేంటమ్మాయ్? దగ్గరి చూపు సరిగా లేదు నీకు. మావాడికి చూపించుకోరాదూ?"

"నేను ఎప్పుడో చూశాను నాయనమ్మా," అనేశాడు అతను.

అని నాలుక కరుచుకున్నాడు.

నాయనమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "టీ పెడతాను," అని పాట మళ్ళీ మొదటికి వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను చొక్కా జేబులోంచి చిన్న స్కేలూ, సన్నని ఫ్రేము ఒకటీ తీశాడు. అద్దాలు లేవు. జేబులో తిరిగి తిరిగి అంచులు నునుపెక్కాయి.

"మీ ముఖానికి బాగుంటుందని తీసి పెట్టాను. అద్దాలు బిగించాలంటే కంటికీ కంటికీ మధ్య దూరం కొలవాలి."

"కొలవకపోయారా?"

"కొలవాలంటే మీ కళ్ళలోకి చూడాలండీ."

ముళ్ళమ్మాయి కుర్చీ ముందుకి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల నిటారుగా నిలిపింది. "చూడండి."

చూశాడు. ఊళ్ళో అందరి కళ్ళలోకీ చూసినవాడే. ఇక్కడికి వచ్చేసరికి చేతిలో స్కేలు ఉందన్న సంగతి మరిచిపోయాడు. ఏదో అనబోయి ఆగాడు. మళ్ళీ అనబోయాడు. వెనక బ్రష్షు, పియానో తమ పని తాము చేసుకుపోతున్నాయి.

"ఒరేయ్," అంది నాయనమ్మ వంటింట్లోంచి. "వాయిద్యం ఎంతసేపని కాచుకుంటుందిరా!"

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడు గబగబా. "మీ గోడ గడియారంతో చాలాసార్లు చెప్పాను. మీతో చెప్పడం ఇదే మొదలు."

ఆమె అతని చేతిలోని ఫ్రేము తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అతనికి ఆ కాసేపు చాలా పొడుగ్గా సాగింది.

"ఆ గడియారం ఆగిపోయి ఏడాది దాటింది," అంది.

"ఆగిపోయిందా? నేను రోజూ చూస్తున్నానే!"

"చూడటం మీ వృత్తి కదా, కనిపెడతారేమోనని భయపడ్డాను. బాగుచెయ్యడం నాకు చిటికెలో పని. కానీ అది నడిస్తే మీరు టైమైందని వెళ్ళిపోతారని వదిలేశాను."

అతను స్కేలు కింద పెట్టేశాడు. ఆమె నవ్వింది. అంత దగ్గర్నుంచి ఆ నవ్వును చూడటం అతనికి అదే మొదలు. కళ్ళద్దాలు అవసరం లేని చూపుకి కూడా లోకం కాస్త మసకగా కనబడింది.

రికార్డు మీద తర్వాతి పాట మొదలై, పియానో ఆగింది. వంటింట్లోంచి నాయనమ్మ పాట అందుకుంది. ఈసారి ఆయనకంటే ముందే.