ముందు భోజనం, తర్వాత తొలగింపు

సముద్రం మా కొత్తరేవుపేటను మింగిందంటే అర్థం ఉంది, దానికి ఆకలి. రాజమండ్రి లైబ్రరీలో ఫ్యాన్ కింద కూర్చున్న సత్యశ్రీ గారికి మా పేట మీద ఏం కోపమో నాకు అర్థం కాలేదు.

మాది ఉప్పాడ పక్కన జాలరిపేట. నా చిన్నప్పుడే వీధి తర్వాత వీధి సముద్రంలో కలిసిపోతే మిగిలినవాళ్ళం ఉప్పాడ వచ్చేశాం. నేను హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, అంటే ఊళ్ళోవాళ్ళ లెక్కలో ఖాళీగా ఉన్నాను. "మన పేట పేరు ఫోన్లో ఎక్కడా రాదేంట్రా" అని మా నాయనమ్మ రత్తమ్మ అడిగితే, వికీపీడియాలో ఒక వ్యాసం రాశాను. ఆవిడ ఆ పేరు చూసుకుని మురిసిపోయి, ఫోను పట్టుకుని వీధంతా తిరిగింది.

మర్నాడు వ్యాసం నెత్తిన ఎర్ర నోటీసు. ఆధారాలు లేవట. వారంలోగా చూపించకపోతే తొలగిస్తారట. కింద సత్యశ్రీ గారి సంతకం. దాని మీద నొక్కితే రాజమండ్రి లైబ్రరీలో పనిచేస్తారని తెలిసింది.

నాయనమ్మకు చెప్పకుండా ఉండాల్సింది, చెప్పాను. ఎండుచేపలు తిరగేస్తూ "మళ్ళీ పోద్దా మన పేట" అంది, అంతే. నేను రాజమండ్రి బస్సెక్కాను.

"సత్యశ్రీ గారంటే మీరేనాండి?"

"చెప్పండి. మెంబర్‌షిప్ కార్డుందా?"

"లేదండి. ఊరు కూడా లేదు. మీరే తీసేస్తున్నారు కదా."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నన్ను పైనుంచి కింది దాకా చూశారు. బాగున్నాయి ఆ కళ్ళు. కోపంలో ఉన్నాను కాబట్టి ఆ సంగతి పక్కన పెట్టాను.

"కొత్తరేవుపేట రాజేంద్ర గారా. ఆధారం తెచ్చారా?"

"మా నాయనమ్మ ఉందండి."

"ఎవరు ప్రచురించారు?"

"మా ముత్తాత."

ఆవిడ నవ్వలేదు. నవ్వాపుకోవడానికి రిజిస్టర్‌లో తల దూర్చారని తర్వాత తెలిసింది. "అచ్చులో ఉండాలండి. ఇంట్లోవాళ్ళ మాట చెల్లదు. ఇంకోటి, మీది సొంత ఊరు కాబట్టి ఉంచాలో వద్దో మీరు చెప్పకూడదు. బయటివాళ్ళు చెప్పాలి. చివరి నిర్ణయం వికీ నిర్వాహకుడిది."

"ఆయనెవరండి?"

"జోగేశ్వరరావు గారని, నిడదవోలులో రిటైర్డ్ లైబ్రేరియన్. మా నాన్నగారే."

"అయితే మీరొక మాట చెబితే..."

"నేను సిఫారసు చేస్తే ఆయన ముందు మీ వ్యాసం తీసేస్తారు, ఆ తర్వాత నా వ్యాసాలన్నీ చూస్తారు."

ఇక రోజూ వెళ్ళి వెతకడం మొదలుపెట్టాను. బయట ఒకటే వాన. లోపల పైకప్పు కారే చోట బకెట్టు, ఆ పక్కనే నాకు కుర్చీ. ఆవిడ దుమ్ము పట్టిన కట్టలు తెచ్చి నా ముందు పడేసి తుమ్మేవారు.

"మీ థీసిస్‌లో రాయండి. అదే ఆధారంగా పెట్టుకోవచ్చు."

"అది ఇంకా పూర్తవలేదండి."

"ఎప్పుడవుతుంది?"

"మా గైడ్ గారు చదివాక."

"అంటే సముద్రం వెనక్కి వెళ్ళి మీ ఊరు బయటపడ్డాక."

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను, ఎందుకో నన్నడగొద్దు.

ఆదివారం ఆవిడే కెమెరా పట్టుకుని ఉప్పాడ వచ్చారు, వ్యాసానికి ఫోటో ఉంటే మంచిదని. నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"మా పేటని కొట్టేత్తానన్న పిల్లవి నువ్వేనా అమ్మా?"

"అవునండి మామ్మగారూ."

"ముందు బోయినం చెయ్యి. కొట్టేద్దువుగానిలే, తొందరేముంది. చేపలు తింటావా?"

"మా ఇంట్లో తినరండి. నేను హాస్టల్లో నేర్చుకున్నాను."

తిన్నాక నాయనమ్మ ఆవిడను గట్టు మీదికి తీసుకెళ్ళి, కెరటాలు విరిగే చోటు చూపించింది. "అదిగో, ఆడే మా ఇల్లు. దాని పక్కనే మా అక్కోళ్ళది." సత్యశ్రీ కెమెరా ఎత్తింది. ఫోటోలో నీళ్ళు తప్ప ఏమీ పడవని ఆవిడకు తెలుసు. అయినా నాయనమ్మ చూపించిన ప్రతి ఇంటికీ ఒక ఫోటో తీసింది. నాకు ఆ పిల్ల మీద ప్రేమ పుట్టింది అక్కడే.

తిరిగి బస్టాండుకు వెళ్తుంటే అడిగాను. "ఇంత జాలి ఉన్నవారు ఆ నోటీసెందుకు పెట్టారండి?"

"పెట్టకపోతే ఎవరో ఒకరు చెప్పకుండా తీసేసేవారు. నోటీసుంటే వారం గడువైనా దొరుకుతుంది."

ఇన్నాళ్ళూ ఈవిణ్ణి తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

సోమవారం సాయంత్రం బకెట్టు వెనక బీరువాలో దొరికింది. పాత మత్స్యశాఖ సర్వే పుస్తకం, చెదలు తిన్నంత తిని వదిలేసినది. అందులో ఒకే ఒక్క వాక్యంలో మా కొత్తరేవుపేట, దాని పడవలు. ఇద్దరం ఒకేసారి చదివాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, వెంటనే వదిలేసి తుమ్మింది.

మర్నాడే గడువు. ఆధారం పెట్టాం. ఇక బయటివాళ్ళు ఒక్కరు "ఉంచాలి" అంటే చాలు, సత్యశ్రీ ఉండనే ఉంది. పొద్దున్నే వ్యాసం చర్చా పేజీ తెరిచాను. ఆవిడ రాసింది చూసి ఫోన్ చేశాను.

"ఈ చర్చ నుంచి తప్పుకుంటున్నాను అని రాశారేంటండి? మునిగిపోయేటప్పుడు చెయ్యి వదిలేస్తారా?"

"పూర్తిగా చదివారా?"

"చదవడానికేముందండి, తప్పుకుంటున్నారుగా."

"ఇలా చదివితే థీసిస్ ఎలా అవుతుందండి. కింద ఇంకో వాక్యం ఉంది." పెట్టేసింది.

చదివాను. "ఈ ఊరు నాకు సొంత ఊరయ్యే సూచనలు కనిపిస్తున్నాయి. అట్టి స్థితిలో నేను అభిప్రాయం చెప్పడం నియమవిరుద్ధం."

రాష్ట్రంలో ఎవరైనా చదువుకోవచ్చు ఆ పేజీని. వాళ్ళ నాన్నగారు కూడా. నాకు ఆనందంతో పాటు చెమట కూడా పట్టింది. మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ చర్చా పేజీనే తెరిచి మూసి తెరిచి కూర్చున్నాను.

మధ్యాహ్నం అందులో జోగేశ్వరరావు గారు రాశారు.

"ఆధారం స్వయంగా పరిశీలించాను. సరిపోతుంది. వ్యాసం ఉంచడమైనది. ఇకపై నేను కూడా తప్పుకోవలసి రావచ్చు కనుక ఈరోజే తేల్చాను. ఆ పెద్దావిడను చూడటానికి ఆదివారం వస్తాము. నేను చేపలు తినను. పప్పుచారు చాలును."

ఫోను పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. నాయనమ్మ ఎండుచేపల దగ్గరుంది.

"పేట ఉంటదంటరా?"

"ఉంటదంట నాయనమ్మా."

"ఆ పిల్ల?"

"ఆ పిల్ల కూడా ఉంటదంట."

నాయనమ్మ ఫోను తీసుకుని, పేట పేరు మీద వేలు పెట్టి కాసేపు అలాగే చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఆళ్ళ నాన్న ఏం తింటాడంట?"

"పప్పుచారు."

"అయితే కందిపప్పు తేరా. మనింట్లో లేదు."