తొగారి గట్టు మీద ఎర్రగుడ్డ కర్రలు

పొద్దు వాలాక తొగారి గట్టు మీద ఆగకూడదని మా లోయలో అందరూ అంటారు. ఎందుకని అడిగితే మాత్రం ఎవరూ సూటిగా చెప్పరు. "అక్కడెవరో కర్రలు పీకుతుంటారట..." అని గొంతు తగ్గించి, టీ గిన్నె కింద పెట్టి, మాట మార్చేస్తారు.

నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. స్కీ లిఫ్టు పక్కన ముప్ఫై ఏళ్లుగా ఉదోన్ నూడుల్స్ అంగడి నడుపుతున్నదాన్ని. కొండ దిగొచ్చే మగాళ్లు, వేడి సాకే సారా రెండు గుక్కలు లోపలికి పోగానే ఎన్నేసి దెయ్యాలను చూస్తారో నాకు తెలుసు. కానీ ఈ ఒక్క సంగతి ఫుమితక చెప్పాడు కాబట్టి చెబుతున్నాను. వాడు కొండ మీద చిక్కుకున్నవాళ్లని కాపాడే మా లోయ దళంలో మనిషి. అబద్ధమాడటం చేతకాదు, అందుకే ఇంకా పెళ్లి కాలేదు.

ముందు ఆ గట్టు సంగతి. ఏప్రిల్ నెలాఖరున కూడా దాని మీద మంచు రెండు నిలువుల ఎత్తుంటుంది. పొద్దున్నే గాజులా గట్టిగా — బూట్లకి ఇనుప ముళ్లు కట్టుకోకపోతే నిలబడలేం. మధ్యాహ్నానికల్లా మోకాలి దాకా దిగబడుతుంది, స్కీలున్నవాళ్లదే అదృష్టం. పడమటి వైపు గాలి గీకేసిన రాళ్లు. అసలు మోసం తూర్పు వైపు. చలికాలమంతా గాలి మంచుని అటే తోసి తోసి, గట్టు అంచున ఇంటి చూరులా బయటికి పెంచుతుంది. పైనుంచి చూస్తే అదీ నేలే అనిపిస్తుంది. దాని కింద నేల ఉండదు... నాలుగు వందల మీటర్ల లోతుంటుంది.

అందుకే వెదురు కర్రలకి ఎర్రగుడ్డ కట్టి, కింద రాయి ఉన్న చోటే వరసగా పాతుతారు. ఆ పని గట్టు చివర యాత్రికుల బస నడిపే గెన్జో గారిది. పొగమంచు కమ్మితే నీ కళ్లని నమ్మకు, ముందెళ్లినవాళ్ల అడుగులని నమ్మకు, ఎర్రగుడ్డని నమ్ము — మా పిల్లలకి మేం నేర్పేది ఇదే.

గెన్జో గారి కూతురు చినత్సు కూడా దాన్నే నమ్మింది.

ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం, దట్టమైన పొగమంచులో ఆయన తొందర తొందరగా కర్రలు పాతాడు. మూడు కర్రలు రాయి దాటి ఆ మంచు చూరు మీద పడ్డాయి. మర్నాడు చినత్సు నాన్నకిష్టమైన ఆవకూర ఊరగాయ పట్టుకుని స్కీల మీద పైకెళ్లింది. అప్పటికీ పొగమంచు వీడలేదు. ఎర్రగుడ్డ తర్వాత ఎర్రగుడ్డ చూసుకుంటూ వెళ్లింది... మూడో కర్ర దగ్గర చూరు విరిగింది.

జూన్‌లో మంచు కరిగాక దొరికింది. ఇరవై నాలుగేళ్లు. కిందికి మోసుకొచ్చింది ఫుమితకే.

మరుసటి ఏడాది నుంచి మొదలైంది పుకారు. పొద్దుగూకే వేళ ఒక ఆడమనిషి కర్రలు పీకుతోందని... తనలాగే ఇంకొకరిని లాక్కుపోవడానికని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. సెలవుల్లో నా అంగడిలో గిన్నెలు కడుగుతూ పెరిగిన పిల్ల. చీమకి కూడా హాని చెయ్యదు.

ఇక ఈ ఏప్రిల్ సంగతి. వసంతకాలపు సెలవులకి రెండు రోజుల ముందు, గెన్జో గారి భార్య తొమియె అక్క సరుకులకని కిందికొచ్చి, బియ్యం కొట్టు మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాను. నొప్పి సంగతే ఎత్తలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కికుయో... తలుపు వెయ్యి."

వేశాను.

"ఆ కర్రలు పీకేది నేనే."

ఆమె గుసగుసగా చెప్పుకుపోయింది. పిల్ల పోయిన మరుసటి ఏడు, ఒక సాయంత్రం నీళ్లకి మంచు తేవడానికి బయటికొస్తే, మళ్లీ మూడు కర్రలు చూరు మీద కనబడ్డాయట. ఆయన కళ్లు మందగించాయి అనుకుని, చప్పుడు చెయ్యకుండా పీకి, నాలుగడుగులు లోపలికి పాతి వచ్చిందట.

"తెల్లారి ఆయన చూసొచ్చాడు. ఏడాదిగా నవ్వు ఎరగని మనిషి... నవ్వుతూ వచ్చాడు. ‘రాత్రి చినత్సు వచ్చింది, నా తప్పు దిద్ది పోయింది’ అన్నాడు. నేనే చేశానని ఎలా చెప్పను?"

"మరి తర్వాత?"

"తర్వాత... కావాలనే చూరు మీద పెడుతున్నాడు. రోజూ, బసలోకి మనుషులంతా చేరాక. ఆ మూడింటినే. దిద్దడానికి పిల్ల రావాలని."

నాకు కోపం ముంచుకొచ్చింది. "మతుందా అక్కా మీ ఇద్దరికీ? పొరపాటున ఎవరైనా చీకటిపడ్డాక వస్తే? బస రేడియోలో ఆయనకి చెప్పెయ్, ఇప్పుడే!"

"ఆ రేడియో లోయంతా వింటుందే. చెప్తే... ఆయన చేతుల్లో పిల్ల రెండోసారి పోయినట్టే. నిన్న రాత్రి నేను లేను. ఇవాళా ఉండను. రేపు పొద్దున సెలవుల జనం వచ్చి పడతారు. ఫుమిని పంపవే, నీ కాళ్లు పట్టుకుంటాను."

పంపాను.

వాడు స్కీల అడుగున జారకుండా పట్టీలు బిగించుకుని మధ్యాహ్నం బయల్దేరాడు. మంచు మెత్తబడి ఎక్కడం ఆలస్యమైంది. ఆరు దాటాక గట్టెక్కాడు. అప్పుడే లోయలోంచి పొగమంచు లేచింది... ఒక కర్ర దగ్గర నిలబడితే రెండోది కనబడటమే గగనమైంది. ఇక్కణ్ణించి వాడు చెప్పిందే చెబుతున్నాను.

నల్లరాయి దాటితే ఆ మూడు కర్రలు. రాయి పక్కకి చేరాడో లేదో — సర్... సర్... అని స్కీలు జారుతున్న చప్పుడు.

ఎదురుగా ఎవరో ఉన్నారు. చూరు మీద.

ఆ మనిషి వంగి కర్ర పీకింది. నాలుగడుగులు ఇవతలికి జరిగి పాతింది. చుట్టూ మంచుని అరచేత్తో నెమ్మదిగా తట్టింది. తర్వాత రెండోది... తర్వాత మూడోది.

"ఎవరండీ అది? ఇటు రండి... అది చూరు!"

వాడు మూడో కర్ర దాకా వెళ్లేసరికి అక్కడెవరూ లేరు. పడమటి వైపు ఏ గుర్తూ లేదు. స్కీ గీతలు రెండు, కొత్తవి... కర్ర దగ్గర నుంచి తిన్నగా తూర్పు అంచుకి వెళ్లాయి. అంచు దగ్గర ఆగిపోయాయి. చూరు విరగలేదు. తిరిగొచ్చిన గీతలు లేవు.

ఎన్ని శవాలు మోసినా వణకని వాడు, "అత్తా, బస దాకా చేతులూ మోకాళ్ల మీద పాకాను" అన్నాడు.

బసలో గెన్జో గారు ఒక్కరే. పొయ్యి ముందు కూర్చుని మిసో పులుసు కలుపుతున్నాడు. బయట పెట్టిన ఆయన స్కీల మీద వారం నాటి మంచు గట్టిపడి ఉంది.

"ఇంకెవరైనా ఉన్నారా?"

"రేపటికి గాని ఎవరూ రారు." ముసలాయన తలెత్తి నవ్వాడు. "పిల్ల వచ్చిందా? నిన్న కూడా వచ్చిందిలే. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉందని దానికి తెలియదుగా పాపం."

చొక్కా పట్టుకుని నిలదీద్దామని వెళ్లినవాడు ఫుమి. ఆ మాట విన్నాక చెయ్యి లేవలేదట. ఎదురుగా చతికిలబడి, మెల్లగా అన్నాడట —

"ఇక చాలు గెన్జో గారూ. అంత చలిలో, ఆ అంచుకే... రోజూ రప్పిస్తారా పిల్లని?"

గరిటె ఆగిపోయింది.

"నేను తప్పు చెయ్యకపోతే రాదేమోనని..." అన్నాడాయన. తర్వాత పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఇంకెప్పుడూ ఆ కర్రల్ని కదపనని మాటిచ్చాడు. తెల్లారి ఇద్దరూ కలిసి గట్టంతా నడిచి చూశారు. ప్రతి కర్రా రాయి మీదే ఉంది.

ఫుమి దిగి వచ్చి తిన్నగా ఆసుపత్రికే వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. వాడు ఏదీ దాచలేదు. గెన్జో గారు మాటిచ్చారు అనగానే తొమియె అక్క గుండె తేలికపడుతుందనుకున్నాను. ఆ మాట ఆమె విన్నట్టే లేదు.

"మొహం చూశావా ఫుమీ?"

"లేదు పెద్దమ్మా. పొగమంచు."

"చేతులకి తొడుగులున్నాయా?"

"లేవనుకుంటా... ఉత్త చేతుల్తోనే తట్టింది."

ఆ చలి తన వేళ్లకే తగిలినట్టు, ఆమె దుప్పటి కింద తన చేతులు రెండూ దాచుకుంది. కిటికీ బయట సెలవుల బస్సులు వరసగా వస్తున్నాయి.

"ఐదేళ్లు కికుయో. ప్రతి సాయంత్రం అక్కడే నిలబడ్డాను. చీకటి పడేదాకా పిలిచేదాన్ని. ఒక్కసారీ కనబడలేదు." గొంతు గాలిలా ఉంది. "అమ్మ చేస్తోంది కదా అని ఆగిపోయిందేమో. నేను వెళ్లకుండా ఉంటే... ఎప్పుడో వచ్చి ఉండేది కదూ?"

దెయ్యాలు లేవని అందరితో వాదించేదాన్ని నేను. ఆమెకి అవునని చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. ఫుమి లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.